తలారి జోకు వేస్తే: బ్లాక్ కామెడీ పోలీసు నవలల మీద ఇంత గొడవ ఎందుకు?

హంతకుడి కోసం వెతికే పోలీసు, అతని చుట్టూ శవాలు, ఆ శవాల మధ్య జోకులు. ఈ రకం నవల ఏది తీసుకున్నా చదివినవాళ్ళు రెండు వర్గాలైపోతారు. పడీ పడీ నవ్వానని ఒకరు, యాభై పేజీలు కూడా దాటలేక పక్కన పడేశానని ఇంకొకరు. విచిత్రం ఏంటంటే చాలాసార్లు ఇద్దరూ ఒకే సీను గురించి మాట్లాడుతుంటారు. మామూలు డిటెక్టివ్ నవలకి ఇంత రచ్చ ఉండదు. బాగుంటే బాగుందంటాం, హంతకుడెవరో సగంలోనే తెలిసిపోతే పెదవి విరుస్తాం, అక్కడితో సరి. బ్లాక్ కామెడీ, అంటే చావునీ ఘోరాన్నీ పట్టుకుని నవ్వించే హాస్యం, కలిసిన పోలీసు నవల దగ్గరికొచ్చేసరికి మాత్రం మాట పుస్తకం మీద నుంచి మనుషుల మీదికి పోతుంది. నీకు హాస్యం అర్థం కాదని వీళ్ళు, నీకు మనసే లేదని వాళ్ళు.

రెండు మాటలూ తప్పేనని నా అభిప్రాయం. చిక్కు ఆ నవల తయారీలోనే ఉంది. ఒకదానికొకటి పొసగని రెండు హామీలు అది ఒకేసారి ఇస్తుంది, పైగా జోకుని తీసుకెళ్ళి తుపాకీ ఉన్నవాడి నోట్లో పెడుతుంది. ఈ ముడి విప్పి చూస్తే ఎవరు ఎక్కడ నవ్వారో, ఎవరికి ఎక్కడ ఒళ్ళు మండిందో చాలావరకు తేలిపోతుంది. (కొన్ని నవలల కథలు ముగింపులతో సహా చెప్పేస్తున్నాను. చదవబోయేవాళ్ళు చూసుకోండి.)

ముందు డిటెక్టివ్ నవల ఇచ్చే హామీ సంగతి. 1928లో ఎస్. ఎస్. వాన్ డైన్ అనే అమెరికన్ రచయిత డిటెక్టివ్ కథలకి ఇరవై నియమాలు రాశాడు. మరుసటి ఏడు ఇంగ్లండులో రోనాల్డ్ నాక్స్ పది రాశాడు. నాక్స్ ఒక కేథలిక్ ఫాదర్, డిటెక్టివ్ నవలలు కూడా రాసేవాడు, కాబట్టి ఆ పది ఆజ్ఞల్ని సగం సరదాగానే రాశాడు. దయ్యాలూ మహిమలూ పనికిరావు, రహస్య మార్గం ఒకటికి మించి ఉండకూడదు, దొరికిన ఆధారాన్ని పాఠకుడి దగ్గర దాచకూడదు, డిటెక్టివే నేరం చెయ్యకూడదు. పైకి ఇవి ఆట నియమాల్లా కనిపిస్తాయి గానీ వెనక ఉన్నది ఒక భరోసా: జరిగినదానికి కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది, దొరికాక లెక్క సరిపోతుంది. కవి డబ్ల్యూ. హెచ్. ఆడెన్ 1948లో రాసిన వ్యాసంలో డిటెక్టివ్ కథలు తనకి పొగాకు, మద్యం లాంటి వ్యసనమని మొదట్లోనే చెప్పేసి, ఆ వ్యసనానికి కారణం వెతుకుతాడు. హత్య జరగడంతో ఊరంతా అనుమానంలో పడుతుంది, డిటెక్టివ్ వచ్చి ఒకణ్ణి వేలు పెట్టి చూపించగానే మిగతా అందరూ మళ్ళీ అమాయకులైపోతారు, ఆ అందరిలో పాఠకుడూ ఉంటాడు. అందుకే చివరి పేజీ మూశాక అంత హాయిగా ఉంటుందంటాడాయన. నిజమే అనిపిస్తుంది, రాత్రి పడుకోబోయే ముందు హత్యల కథలు చదివి ప్రశాంతంగా నిద్రపోయే జనం ఎంతమంది లేరు?

పరిశోధకుడు సరదాకి కేసులు పట్టే పెద్దమనిషైతే ఈ హామీ తేలికగా నిలబడుతుంది. జీతం తీసుకునే పోలీసైతే బరువు పెరుగుతుంది. ఎందుకంటే ఆయన వెనక ప్రభుత్వం ఉంది, నడుముకి తుపాకీ ఉంది, ఎవరినైనా లోపలేసే అధికారం ఉంది. తెలివైన పెద్దమనిషి పొరబడితే కథలో మలుపు, పోలీసు పొరబడితే ఎవడో అమాయకుడి బతుకు పోతుంది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, ముందు ముందు దీంతో పని ఉంది.

ఇప్పుడు రెండో హామీ, బ్లాక్ కామెడీది. ఇది సరిగ్గా ఎదురు దిక్కు. లెక్క సరిపోదు, సరిపోతుందని నమ్మినవాడే ఇక్కడ వెర్రివాడు అంటుంది. చావుని చూసి నవ్వడం మనిషికి కొత్తేం కాదు. కానీ దానికంటూ ఒక పేరు పెట్టి, రచనలన్నీ పోగేసి సంకలనం చేసినవాడు ఫ్రెంచి కవి ఆంద్రే బ్రెటన్, 1940లో. అంతకు చాలా ముందే, 1900లో, ఫ్రెంచి తత్వవేత్త హెన్రీ బెర్గ్‌సన్ నవ్వు గురించి రాస్తూ, నవ్వు రావాలంటే ఆ కాసేపు గుండెకి మత్తుమందు ఇచ్చినట్టు ఉండాలన్నాడు. జాలి పడుతూ నవ్వలేం. ఇక మనస్తత్వవేత్త ఫ్రాయిడ్ 1927లో రాసిన చిన్న వ్యాసంలో ఒక ఉదాహరణ ఉంది, ఈ మొత్తం గొడవకి తాళంచెవి అదే. ఉరి తియ్యడానికి ఒక ఖైదీని సోమవారం పొద్దున తీసుకెళ్తున్నారు. అతను అంటాడు: "బావుంది, వారం భలేగా మొదలైంది."

ఈ మాటకి ఎందుకు నవ్వొస్తుంది? చావబోయేవాడు చావుకి లొంగలేదు కాబట్టి. తాడు వాళ్ళ చేతిలో ఉంది, మాట మాత్రం ఇతని చేతిలో ఉంది. ఇప్పుడు అదే వాక్యం తలారి నోట్లో పెట్టి చూడండి. తాడు సరిచేస్తూ ఖైదీ వైపు తిరిగి "వారం భలేగా మొదలైందే" అన్నాడనుకోండి. ఒక్క అక్షరం మారలేదు, నవ్వు మాత్రం గొంతులోనే ఆగిపోతుంది. మొదటిది ధైర్యం, రెండోది క్రూరత్వం.

పోలీసు నవలలో జోకు వేసేది ఎవరు? శవం దగ్గర నిలబడి సిగరెట్ వెలిగించి చమత్కారం విసిరే ఆ సార్జెంటు తలారా, ఖైదీనా? రోజూ కుళ్ళిన శవాలు చూసి, తాగుబోతుల చేత తిట్లు తిని, పైవాళ్ళ రాజకీయాల్లో నలిగి, ఇంటికెళ్ళి నిద్రపట్టక కూర్చునేవాడైతే ఖైదీ కిందే లెక్క, ఆ జోకు లేకపోతే అతను బతకలేడు. కానీ అదే మనిషి పొద్దున ఒక బక్క ప్రాణిని గోడకి నొక్కిపట్టి కొట్టాడు, అక్కడ అతను తలారి. ఇద్దరూ ఒకే యూనిఫాంలో ఉన్నారు. ఖైదీని చూసిన పాఠకుడు నవ్వుతాడు, తలారిని చూసిన పాఠకుడు పుస్తకం మూసేస్తాడు. ఇద్దరూ చూసింది నిజమే.

లాస్ ఏంజెలెస్ పోలీసు శాఖలో 1960లో చేరి 1974లో డిటెక్టివ్ సార్జెంటుగా బయటికొచ్చిన జోసెఫ్ వాంబా రాసిన 'ది క్వైర్‌బాయ్స్' (1975) ఈ విషయంలో పాఠ్యపుస్తకం లాంటిది. నైట్ షిఫ్టు పోలీసులు పదిమంది. డ్యూటీ దిగాక మెకార్థర్ పార్కులో చేరి స్పృహ తప్పేదాకా తాగుతారు, దానికి వాళ్ళు పెట్టుకున్న ముద్దు పేరు చర్చి పాటల ప్రాక్టీసు. కేసు అంటూ ఒకటి ఉండదు. రాత్రి పిలుపులు ఒకటి తర్వాత ఒకటి, ఒకటి నవ్వుతో ముగుస్తుంది, ఇంకోటి చెప్పుకోలేని ఘోరంతో, ఏది ఎలా ముగుస్తుందో ముందు తెలియదు. మంచి క్రైమ్ కథ అంటే పోలీసు కేసు మీద ఎలా పనిచేశాడన్నది కాదు, కేసు పోలీసు మీద ఎలా పనిచేసిందన్నది అని వాంబా అంటుండేవాడు. అంటే ఆయన దృష్టిలో పోలీసే ఖైదీ. ఆ చూపుతో చదివితే పుస్తకం అద్భుతం, మోటు జోకుల అడుగున ఆ పదిమంది ఎంత భయపడుతున్నారో స్పష్టంగా వినిపిస్తుంది.

కానీ అందులో స్త్రీలకి దక్కిన చోటు చూడండి, ఇతర జాతుల వాళ్ళని పిలిచే పేర్లు చూడండి. ఆ జోకులు పైకి కాదు, కిందికి పడతాయి. వాంబా ఇదంతా కప్పిపుచ్చలేదు, వాళ్ళు మాట్లాడుకునేది ఇలాగే అని చూపించాడు, పార్కులో జరిగే ఒక చావుతో ఆ సరదాకి బిల్లు కూడా కట్టించాడు. అయినా చూపించడానికీ రుచి చూడటానికీ మధ్య గీత ఎక్కడుందో చెప్పడం కష్టం. నేనైతే ఆ పుస్తకం కొన్ని చోట్ల గీత దాటి కులాసాగా కూర్చుందనే అంటాను. పోలీసుల వైపు నుంచి ఒక్క అంగుళం కూడా కదలకుండా రాస్తే వచ్చే ఇబ్బంది ఇది.

దీనికి సరిగ్గా ఎదురుగా నిలబడేది చెస్టర్ హైమ్స్, నాకు ఈ మొత్తం బాపతులో అందరికంటే ఇష్టమైన రచయిత, కాబట్టి కాస్త ఎక్కువసేపు ఉంటాను. నల్లజాతి అమెరికన్, 1909లో పుట్టాడు. పందొమ్మిదేళ్ళకి సాయుధ దోపిడీ కేసులో పట్టుబడ్డాడు, ఇరవై నుంచి పాతికేళ్ళ శిక్ష వేశారు. 1930లో ఒహాయో జైల్లో మూడొందల మందికి పైగా ఖైదీల్ని బలిగొన్న అగ్నిప్రమాదం జరిగినప్పుడు లోపలే ఉన్నాడు. రాయడం జైల్లోనే మొదలుపెట్టాడు. ఏడేళ్ళకి పైగా ఉండి పెరోల్ మీద బయటికొచ్చి, సీరియస్ నవలలు రాసి, అవి ఆదుకోకపోవడంతో 1950ల్లో ఫ్రాన్సు చేరాడు. అక్కడ గలిమార్ ప్రచురణ సంస్థలో క్రైమ్ నవలల వరస నడిపే మార్సెల్ డ్యుహామెల్ డిటెక్టివ్ నవల రాయమన్నాడు. ఎవరు ఏం ఆలోచిస్తున్నారో మాకక్కర్లేదు, ఎవరు ఏం చేస్తున్నారో చూపించు, సినిమాలాగా, అన్నది ఆయన సలహా. అలా పుట్టారు న్యూయార్క్‌లో నల్లజాతివాళ్ళ పేట హార్లెమ్‌లో పనిచేసే ఇద్దరు నల్లజాతి డిటెక్టివులు, గ్రేవ్ డిగ్గర్ జోన్స్, కాఫిన్ ఎడ్ జాన్సన్. ఒకరి పేరులో గొయ్యి, ఒకరి పేరులో శవపేటిక. మొదటి నవలకే 1958లో ఫ్రెంచివాళ్ళు తమ క్రైమ్ సాహిత్య బహుమతి ఇచ్చారు. సొంత దేశంలో మాత్రం అవి చవకరకం పేపర్‌బ్యాకులుగా వచ్చి, చాలాకాలం పెద్దగా ఎవరి కంటా పడలేదు.

'ఆల్ షాట్ అప్' (1960)లో ఒక సీను ఉంది. పోలీసులు వెంటపడుతుంటే ఒకడు మోటార్ సైకిల్ మీద పారిపోతున్నాడు. ముందు వెళ్తున్న ట్రక్కులోంచి ఉక్కు రేకులు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. రేకు తగిలి తల తెగిపోతుంది. బండి ఆగదు. తల లేని మొండెం హ్యాండిల్ పట్టుకుని అలాగే రోడ్డంట పోతూనే ఉంటుంది, చూసేవాళ్ళు చూస్తూనే ఉంటారు, చివరికి వెళ్ళి ఒక నగల దుకాణం దగ్గర పడుతుంది. ఆ దుకాణం బోర్డు మీద చచ్చినవాళ్ళకి కూడా అప్పిస్తాం అని రాసి ఉంటుంది.

ఈ సీను ఎవరికైనా చెప్పి మొహం చూడండి. సగం మంది ఛీ అంటారు, సగం మంది నవ్వేసి తర్వాత ఛీ అంటారు. పనితనం ఎక్కడుందంటే, హైమ్స్ ఆ తల మీద కాసేపు కూడా ఆగడు. అయ్యో అనే మాట లేదు, భయంకరం అనే విశేషణం లేదు, ఏం జరిగిందో ఒకదాని తర్వాత ఒకటి చెప్పుకుంటూ పోతాడు. బెర్గ్‌సన్ చెప్పిన మత్తుమందు ఇక్కడ వాక్యంలోనే ఉంది. ఆ మనిషి లోపలికి మనల్ని వెళ్ళనిస్తే నవ్వు చచ్చిపోతుంది, వెళ్ళనివ్వలేదు కాబట్టే కొందరు పాఠకులు ఇతనికి మనుషులంటే లెక్కలేదంటారు. ఇక ఆ బోర్డు ఉందే, అది ఉత్త చమత్కారం కాదు. పేదవాళ్ళ పేటలో అప్పు మీద నగలు అమ్మేవాడి లోకం మొత్తం ఆ ఒక్క బోర్డులో ఉంది. శవం మీద మొదలైన జోకు చివరికి పడింది అప్పులవాడి మీద.

హైమ్స్ డిటెక్టివులు మంచివాళ్ళు కారు. పొడవాటి నికెల్ తుపాకులు తీసి జనాన్ని వరసలో నిలబెట్టి గద్దిస్తారు, అనుమానితుల్ని చావగొడతారు. తలారులే. కానీ స్టేషన్‌కి తిరిగి వెళ్తే పైన ఉన్నది తెల్ల అధికారులు, అక్కడ వీళ్ళ మాటకి విలువ అంతంతే. పేటలోవాళ్ళకి వీళ్ళు ప్రభుత్వం మనుషులు, ప్రభుత్వానికి వీళ్ళు పేట మనుషులు. అందుకే వాళ్ళ జోకులో ఎప్పుడూ రెండు రుచులు. దీని మీద వచ్చిన విమర్శ కూడా గట్టిదే. మొదటి నవలలో సన్యాసిని వేషం వేసి స్వర్గానికి టికెట్లు అమ్మే మోసగాడు, పది డాలర్ల నోట్లు పొయ్యిలో పెడితే వంద డాలర్ల నోట్లవుతాయని నమ్మి 1500 డాలర్లు పోగొట్టుకునే జాక్సన్, ఇలాంటి పాత్రలతో హార్లెమ్‌ని వేళాకోళం చేసి బయటివాళ్ళకి అమ్ముకున్నాడని కొందరి బాధ. మొదటి పాఠకులు ఫ్రెంచివాళ్ళు కాబట్టి ఆ మాటని తేలిగ్గా తీసిపారెయ్యలేం. కానీ జాక్సన్ మోసపోయేది తెలివితక్కువై మాత్రమే కాదు, న్యాయంగా పదింతలు సంపాదించే దారి అతనికి ఒక్కటీ లేదు కాబట్టి. హైమ్స్ ఈ రెండో ముక్క పైకి చెప్పడు. చెప్పకపోవడమే కొందరికి కళ, కొందరికి తప్పించుకోవడం.

'బ్లైండ్ మ్యాన్ విత్ ఎ పిస్టల్' (1969) దగ్గరికొచ్చేసరికి హైమ్స్ ఆ మొదటి హామీని కూడా పక్కకి నెట్టేశాడు. హత్యలు జరుగుతాయి, డిటెక్టివులు వెతుకుతారు, ఏదీ తేలదు. తేలబోతే పైవాళ్ళు తేలనివ్వరు. చివర్లో ఆ ఇద్దరు భీకర డిటెక్టివులూ కూల్చేస్తున్న ఇళ్ళలోంచి పారిపోతున్న ఎలుకల్ని కాలుస్తూ కనిపిస్తారు. ఈలోగా ఒక గుడ్డివాడు, తనకి చూపుందని అందర్నీ నమ్మించుకుంటూ బతికేవాడు, సబ్‌వే రైల్లో తుపాకీ తీసి కాలుస్తాడు, అది చిలికి చిలికి అల్లర్ల దాకా వెళ్తుంది. ఎవరు మొదలుపెట్టారని లెఫ్టినెంట్ అడిగితే తుపాకీ పట్టిన గుడ్డివాడు అని జవాబు. అర్థం లేకుండా ఉందే అంటాడు లెఫ్టినెంట్. అవును, లేదు, అంటాడు డిగ్గర్. పుస్తకం అయిపోయింది. హంతకుడెవరో తెలుసుకోవడానికి వచ్చినవాళ్ళకి ఇది పచ్చి మోసం. కోపం రావడంలో తప్పేమీ లేదు, హామీ ఇచ్చింది నిజం, నిలబెట్టుకోనిది నిజం. అయితే అదే హామీ హార్లెమ్‌కి కూడా ఎవరో ఇచ్చి నిలబెట్టుకోలేదని పుస్తకం అంటోంది. ఆ కోపమే దానికి కావాలి.

డ్యూరెన్‌మాట్ అనే స్విస్ రచయితది ఇదే పని, ఇంకో దారిలో. 1958లో ఆయన కథ సాయంతో ఒక సినిమా వచ్చింది, చిన్నపిల్లల్ని చంపేవాడు చివర్లో పట్టుబడతాడు, అందరూ ఇళ్ళకి వెళ్ళారు. ఆయనకి తృప్తి లేదు. అదే కథని 'ది ప్లెడ్జ్' అనే నవలగా రాసి ముగింపు మార్చాడు, దానికి క్రైమ్ నవలకి శ్రద్ధాంజలి అని ఉపశీర్షిక పెట్టాడు. పోలీసు అధికారి మాథై లెక్క అంతా కరెక్టు. హంతకుడు వచ్చి తీరే దారిలో పెట్రోల్ బంకు పెట్టుకుని, ఒక చిన్నపిల్లని ఎరగా ఉంచి కాపు కాస్తాడు. హంతకుడు బయల్దేరాడు కూడా. దారిలో కారు యాక్సిడెంటులో చచ్చిపోయాడు. మాథైకి ఆ సంగతి తెలియదు, ఏళ్ళ తరబడి ఎదురుచూస్తూ తాగుబోతై పాడైపోతాడు. అసలు నిజం ఎప్పటికో, చావుబతుకుల్లో ఉన్న ఒక ముసలావిడ సొంత ఇంటి ముచ్చట్లు చెప్పుకుంటూ చెప్పుకుంటూ, మధ్యలో తాపీగా బయటపెడుతుంది. అంత ఘోరాన్ని అంత తీరిగ్గా చెబుతుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఇందులో పోలీసు అచ్చంగా ఖైదీ, ఉరి వేసింది అదృష్టం. అందుకే ఈ నవలని తిట్టేవాళ్ళు కూడా ముగింపు అన్యాయం అంటారే తప్ప ఇదేం పాడు హాస్యం అనరు.

ఇక అందరికంటే ఎక్కువ తిట్లు తిన్న పుస్తకం, స్కాట్లండు రచయిత ఇర్విన్ వెల్ష్ 'ఫిల్త్' (1998). ఎడిన్‌బరోలో డిటెక్టివ్ సార్జెంట్ బ్రూస్ రాబర్ట్‌సన్. ఒక నల్లజాతి యువకుడి హత్య కేసు చేతిలో ఉంది, దాని మీద అతనికి అణువంత ఆసక్తి లేదు. ప్రమోషన్ కావాలి, దానికి తోటి ఉద్యోగుల్ని ఒకరి మీద ఒకరికి ఎక్కించాలి, మధ్యలో ఆమ్‌స్టర్‌డామ్‌కి షికారు. జాతి ద్వేషం, స్త్రీ ద్వేషం, మత్తుమందులు, ఒళ్ళంతా దురద పొక్కులు. కథ అంతా అతని నోటితోనే. తలారి మనల్ని పక్కన కూర్చోబెట్టుకుని మూడొందల పేజీలకి పైగా జోకులు చెబుతాడన్నమాట.

"ఇష్టపడటానికి ఒక్క మనిషీ లేడు" అన్న ఫిర్యాదు ఈ పుస్తకం మీద వచ్చినంతగా ఇంకే పుస్తకం మీదా వచ్చి ఉండదు. కానీ ఆ మాట అసలు నొప్పిని సరిగ్గా చెప్పడం లేదని నాకనిపిస్తుంది. దుర్మార్గుడి కథ ఆనందంగా చదివిన సందర్భాలు మనందరికీ ఉన్నాయి. ఇబ్బంది దుర్మార్గుడు ఉండటం కాదు, పక్కన ఇంకో గొంతు లేకపోవడం. వాడు జోకు వేసినప్పుడు "ఛీ" అనే మనిషి పేజీ మీద ఎక్కడా లేకపోతే, ఆ "ఛీ" అనే పని మొత్తం పాఠకుడి మీదే పడుతుంది, వందల పేజీల పాటు. కొందరికి అది ఇష్టం, కొందరికి ఒళ్ళు అలిసిపోతుంది. వెల్ష్‌కి ఈ సంగతి తెలుసు, అందుకే రెండో గొంతు పెట్టాడు, కాకపోతే రాబర్ట్‌సన్ కడుపులో పెట్టాడు. అతని పేగుల్లో బద్దెపురుగు ఉంది. అది మాట్లాడుతుంది. ఎలా అంటే, పేజీ మధ్యలో పేగు ఆకారంలో ఒక గొట్టం వచ్చి రాబర్ట్‌సన్ వాక్యాల మీదుగా పాకుతుంది, దాని కింద పడిన మాటలు మనకి కనిపించవు. మొదట్లో అది తిండి తప్ప ఇంకో మాట అనదు. పోను పోను తెలివి వచ్చి, తను తింటున్న మనిషి చిన్నతనం గురించి, అతను ఎవరికీ చెప్పని ఇంటి సంగతుల గురించి చెప్పడం మొదలుపెడుతుంది. మొత్తం పుస్తకంలో సభ్యతగా మాట్లాడేది ఒక్క పురుగే. ఇంతకంటే చేదైన జోకు పోలీసు నవలల్లో నేను చూడలేదు.

నాక్స్ పదిలో ఒకటైన ఆ డిటెక్టివే నేరం చెయ్యకూడదన్న నియమం ఏమవుతుందో మీరు ఊహించే ఉంటారు. అవును, అతనే. ఇక్కడ ఇంకో తగువు పుడుతుంది. బాల్యంలో అతను పడిన నరకం తెలిశాక కొందరు పాఠకులు కరిగిపోతారు, తలారి కూడా ఒకప్పుడు ఖైదీయే కదా అని. ఇంకొందరు అంతసేపు విషం తాగించి చివర్లో ఫ్లాష్‌బ్యాక్‌తో బిల్లు కట్టేస్తే సరిపోతుందా అంటారు. నేను ఈ రెండో జట్టువైపు కొంచెం మొగ్గుతాను. పురుగు చెప్పినంతసేపూ నవలకి పొగరు ఉంది, కారణాలన్నీ బయటపడటం మొదలయ్యాక ఒక కేస్ షీట్ వాసన వస్తుంది. హైమ్స్ అయితే ఆ కారణాలు చెప్పేవాడు కాదు.

ఎవరినీ నొప్పించకుండా అందర్నీ తికమక పెట్టిన పోలీసు నవల కూడా ఒకటుంది, ఐరిష్ రచయిత ఫ్లాన్ ఓబ్రయన్ 'ది థర్డ్ పోలీస్‌మన్'. హత్యతో మొదలై పల్లెటూరి పోలీస్ స్టేషన్‌కి చేరుతుంది. అక్కడి సార్జెంట్ ప్లక్‌కి సైకిళ్ళ కేసులు తప్ప వేరే లోకం లేదు. అతని సిద్ధాంతం ప్రకారం సైకిల్ ఎక్కువ తొక్కితే మనిషి అణువులు సైకిల్లోకి, సైకిల్ అణువులు మనిషిలోకి పోతాయి, కాబట్టి ఊళ్ళో కొందరు ఇప్పటికే సగం సైకిళ్ళు. అందుకే జనం మేలు కోరి తనే వాళ్ళ సైకిళ్ళు దొంగిలించి, తనే వెతికి పట్టుకుంటాడు. పోలీసు వ్యవస్థ మీద ఇంత నింపాదిగా వేసిన దెబ్బ అరుదు. 1940లో ప్రచురణకర్తలు ఇంత విపరీత కల్పన వద్దని తిప్పి పంపేశారు, రాతప్రతి పోయిందని రచయిత స్నేహితులకి చెప్పుకున్నాడు, 1966లో చనిపోయాడు, పుస్తకం 1967లో వచ్చింది. దీని మీద ఫిర్యాదు ఒక్కటే: ఏమీ అర్థం కాలేదు.

అందరికీ వర్తించే మామూలు ఫిర్యాదు ఇంకోటుంది, కథ నడవడం లేదు అని. దీన్ని ఓపిక లేనితనంగా కొట్టిపారేస్తారు గానీ కారణం వేరే. డిటెక్టివ్ నవలలకి అలవాటు పడిన పాఠకుడు పొదుపరి. సార్జెంటు చొక్కా గుండీ ఊడిందని రాస్తే దాచుకుంటాడు, రెండొందల పేజీల తర్వాత అది పనికొస్తుందని. కామెడీ దుబారా మీద బతుకుతుంది, ఆ గుండీ ఊరికే ఊడింది, నవ్వొస్తుందని ఊడింది. ఇలాంటివి వంద దాచుకుని చివరికి ఒక్కటీ చెల్లకపోతే ఎవరికైనా కడుపు మండుతుంది. జోకే ఆధారం కూడా అయ్యేలా రాయగలిగినవాళ్ళు ఈ ఇద్దరు పాఠకుల్నీ గెలుస్తారు, వాళ్ళు చాలా తక్కువ.

ఇన్ని సమర్థనలు చెప్పాక ఇది కూడా చెప్పాలి, చాలాసార్లు పుస్తకమే బాగుండదు. చనిపోయిన అమ్మాయి శవం ఒక జోకు కోసం తప్ప ఇంకెందుకూ పనికిరాని నవలలు కొల్లలు. నేను చూసేది ఒకటే, చచ్చినవాడికి బతికుండగా ఒక పేజీ అయినా ఇచ్చారా అని. హైమ్స్ చాలాసార్లు ఈ పరీక్షలో తప్పుతాడు, అయినా నెగ్గుకొస్తాడు, ఎందుకంటే ఆ పుస్తకాల్లో తర్వాతి పేజీలో చచ్చేది ఎవరైనా కావచ్చు, డిటెక్టివులతో సహా. ఆయన పూర్తి చెయ్యకుండా వదిలేసి, 1983లో ఫ్రెంచిలో, 1993లో ఇంగ్లీషులో వచ్చిన 'ప్లాన్ బి'లో గ్రేవ్ డిగ్గరే కాఫిన్ ఎడ్‌ని కాల్చేస్తాడు, తనూ మిగలడు. జోకు వేసేవాడికి మినహాయింపు ఉన్న పుస్తకాలే నాకు పడవు: ఊళ్ళో అందరూ చస్తారు, అందరూ వెధవలు, ఒక్క ఇన్‌స్పెక్టర్‌గారు మాత్రం తెలివైన మాటలు విసురుతూ గీత కూడా పడకుండా సిరీస్‌లో తర్వాతి భాగానికి వెళ్ళిపోతాడు.

ఈ రకం నవలలు కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు 'కాటన్ కమ్స్ టు హార్లెమ్' (1965)తో మొదలుపెడితే మంచిది. ఆఫ్రికాకి తిరిగి తీసుకెళ్తానని చెప్పి ఒక పాస్టర్ 87 కుటుంబాల దగ్గర తలా వెయ్యి డాలర్లు వసూలు చేస్తాడు, ఆ డబ్బు దోపిడీ అయి ఒక పత్తి బేలు వెనక పరుగు మొదలవుతుంది. కేసు కూడా తేలుతుంది, కాబట్టి పొదుపరులకీ నష్టం లేదు. 'బ్లైండ్ మ్యాన్' ఆ తర్వాతే. 'ఫిల్త్' చదవాలనుకుంటే మొదటి వంద పేజీలు చూసి, పురుగు మాటలు వినాలనిపించకపోతే ఆపెయ్యండి, మొహమాటపడక్కర్లేదు. దాన్ని ఎవరికీ బహుమతిగా మాత్రం ఇవ్వకండి.